నకిలీ తాళంచెవి: కేసరి పప్పు నిషేధం కాపాడింది ఎవరిని?

2015 చివర్లో కందిపప్పు కిలో రెండొందల దాకా వెళ్లిన రోజులు గుర్తున్నాయా? సాంబారు పల్చబడింది. ముద్దపప్పు పండగ వంటకమైంది. సరిగ్గా ఆ నేపథ్యంలోనే, 2016 ఆరంభంలో, దిల్లీలో ఒక పాత ఫైలు కదిలింది. అరవై ఒకటి నుంచీ అమ్మకూడదని నిబంధన ఉన్న కేసరి పప్పును మళ్లీ బజారులోకి రానివ్వొచ్చా అన్నదే ఆ ఫైలు. విషం తక్కువగా ఉండే మూడు కొత్త రకాలకు భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందం సుముఖత చూపిందన్న వార్తతో చర్చ రాజుకుంది. రైతుకు మేలంటూ కొందరు, పేదల కాళ్లు విరగ్గొడతారా అంటూ మరికొందరు. చర్చ అక్కడితో ఆగలేదు. పప్పుల ధరలు ఎగసినప్పుడల్లా తిరిగొస్తూనే ఉంది.

ఇందులో ఎవరి మాట నిజం? అది తేలాలంటే ముందు ఆ గింజలో ఏముందో, అది మన నరాల కణంలోకి వెళ్లి ఏం చేస్తుందో తెలియాలి.

పేరులో కేసరి ఉన్నా..

దీనికి కుంకుమపువ్వుతో గానీ, మనం చేసుకునే రవ్వకేసరితో గానీ సంబంధం లేదు. ఇది బఠాణీ కుటుంబపు పప్పు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపు తివ్‌డా అంటారు. విదర్భలో లాఖోడి. బిహార్, బెంగాల్‌లో ఖేసారి. తెలుగులో కొన్నిచోట్ల లంకపప్పు అనీ పిలుస్తారు. వరి కోతకు ముందే, చేలో తడి ఆరకముందే గింజలు చల్లేస్తే చాలు. దున్నక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, నీరు పెట్టక్కర్లేదు. వానలు ఎక్కువై చేను నిలవ నీటిలో ఉన్నా బతుకుతుంది, వానలు మొహం చాటేసినా బతుకుతుంది. గింజలో మాంసకృత్తులు నాలుగో వంతుకు మించి ఉంటాయి. పేద రైతుకు ఇంతకంటే నమ్మకమైన పంట దొరకడం కష్టం.

కష్టకాలంలో ఆదుకునే ఆ గుణమే దీనికి శాపమైంది. మిగతా పంటలన్నీ ఎండిపోయిన ఏడాది ఇదొక్కటే మిగులుతుంది. అప్పుడు పప్పుగా కాదు, అన్నంగా తింటారు. పొద్దున అదే, రాత్రి అదే, నెలల తరబడి అదే. జబ్బు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఒకరోజు పొద్దున్నే కాళ్లు బరువు

ఆ జబ్బు పేరు లాథిరిజం. నరాలకు వచ్చేది కాబట్టి వైద్యులు న్యూరోలాథిరిజం అంటారు. సాధారణంగా కేసరి పప్పు తిండిలో మూడో వంతుకు మించి, కొన్ని నెలల పాటు సాగితే వస్తుంది. పిక్కలు పట్టేయడం, కాళ్లు బరువెక్కడం, నడుము కింద బిగుసుకుపోవడం తొలి సూచనలు. కొందరిలో ఇది హఠాత్తుగా, పొలంలో కష్టపడి పనిచేసిన మర్నాడే బయటపడుతుంది. తర్వాత మడమ నేల మీద ఆనదు. ముని వేళ్ల మీద, ఒక మోకాలు మరో మోకాలికి అడ్డం పడుతూ, కత్తెరలా నడక మారిపోతుంది. జబ్బు తీవ్రతను వైద్యులు కర్రలతోనే కొలిచారు: కర్ర లేకుండా నడవగలిగేవారు, ఒక కర్ర సాయంతో నడిచేవారు, రెండు కర్రలు కావాల్సినవారు, చివరికి చేతుల మీద పాకేవారు.

తెలివి చెడదు. స్పర్శ పోదు. చేతులు చాలావరకు బాగానే ఉంటాయి. ఆయుష్షూ పెద్దగా తగ్గదు. అంటే ఇరవై ఏళ్ల కుర్రాడు మిగతా నలభై యాభై ఏళ్లూ అదే కాళ్లతో బతకాలి. బాధితుల్లో ఎక్కువ మంది యువకులే, అందులోనూ మగవాళ్లే. ఇంటికి సంపాదించి పెట్టే చెయ్యి కాస్తా ఇంటి మీద ఆధారపడే చెయ్యవుతుంది. పోయిన నడక తిరిగి తెచ్చే మందు ఇప్పటికీ లేదు. కండరాల బిగువు తగ్గించే మాత్రలు, ఫిజియోథెరపీ కాస్త ఉపశమనం ఇస్తాయంతే.

హైదరాబాద్‌తో ముడిపడిన పరిశోధన

గింజలో దోషం ఉందని జనానికి ఎప్పటి నుంచో తెలుసు. 1671లోనే జర్మనీలోని వ్యుర్టెంబర్గ్ పాలకుడు ఈ పిండిని రొట్టెల్లో వాడొద్దని ఆజ్ఞ ఇచ్చాడు. 1811-12లో మాడ్రిడ్ కరవును చిత్రించిన స్పెయిన్ చిత్రకారుడు గోయా, ఈ గింజల పిండి కోసం మూగిన జనాన్నీ, వారి మధ్య నేల మీద పడి ఉన్న స్త్రీనీ చెక్కాడు. 1830ల ప్రాంతంలో మన దేశంలోని సాగర్ ప్రాంతంలో యువకులు వరసగా కుంటివాళ్లవడాన్ని బ్రిటిష్ అధికారి స్లీమన్ రాసిపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వాప్నియార్కా నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు ఈ గింజలే ప్రధాన ఆహారంగా పెట్టారు. ఖైదీల్లో ఒకరైన వైద్యుడు ఆర్థర్ కెస్లర్ జబ్బును గుర్తించి, ఆ తిండి ఆపించడానికి పోరాడాడు.

కానీ గింజలో ఉన్న విషం ఏమిటన్నది 1964 దాకా తేలలేదు. ఆ ఏడాది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఆ పదార్థాన్ని విడదీసి చూపించారు. దిల్లీలో టి.ఆర్. శేషాద్రి బృందం కూడా విడిగా అదే ఫలితానికి చేరింది. రావు తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జీవరసాయన విభాగంలో పనిచేస్తూ ఈ పరిశోధన కొనసాగించారు. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గింజలోని విషాన్ని ఇంట్లోనే తగ్గించే మార్గాలను 1960ల్లోనే రూపొందించారు. అందుకే మన దగ్గర ఈ పంట పెద్దగా లేకపోయినా, ఈ జబ్బు గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో మన ఊరి వాటా చిన్నదేం కాదు.

తాళం అదే, చెవి వేరు

ఆ విషం పేరు పలకడానికి నోరు తిరగదు. పొట్టిగా ఓడాప్ అంటారు. ఇది ఒక అమైనో ఆమ్లం. అమైనో ఆమ్లాలంటే మాంసకృత్తులకు ఇటుకల్లాంటివని బడిలో చదువుకున్నాం. అయితే వాటిలో కొన్నింటికి వేరే ఉద్యోగాలూ ఉన్నాయి. గ్లుటమేట్‌ అలాంటిదే. మెదడులో ఒక నరాల కణం పక్క కణానికి 'కదులు' అని చెప్పడానికి వాడే ప్రధాన సందేశవాహకం అదే.

గ్లుటమేట్‌ను తాళంచెవి అనుకుందాం. పక్క కణం గోడ మీద దాని కోసమే కొన్ని తాళాలు ఉంటాయి. చెవి తిరిగితే తలుపు క్షణంలో వెయ్యో వంతు పాటు తెరుచుకుని సోడియం, కొన్ని తలుపుల్లో కాల్షియం కూడా లోపలికి వెళతాయి. కణం ఉత్తేజం పొందుతుంది. వెంటనే గ్లుటమేట్‌ను చుట్టూ ఉన్న కణాలు పీల్చేసుకుంటాయి, తలుపు మూసుకుంటుంది. ఈ తెరవడం, మూయడం అంత కచ్చితంగా జరుగుతున్నందుకే మనం నడవగలుగుతున్నాం.

ఓడాప్ అణువు చూడ్డానికి గ్లుటమేట్‌కు కవల సోదరుడిలా ఉంటుంది. ఒక కొసన అమైనో ఆమ్లాలన్నిటికీ ఉండే తల, రెండో కొసన గ్లుటమేట్‌కు ఉన్నట్టే ఆమ్ల గుణమున్న తోక. మధ్యలో ఒడ్డూ పొడవూ కొద్దిగా తేడా. ఆ పోలిక చాలు, ఆంపా అనే రకం తాళాల్లో ఇది చక్కగా దూరి తిరుగుతుంది. తలుపు తీయాల్సిన అవసరం లేకున్నా తీస్తుంది.

దెబ్బ అక్కడితో ఆగదు. మూడు వైపుల నుంచి కణం మీద పడుతుంది.

మొదటిది, వరద. మళ్లీ మళ్లీ తెరుచుకునే తలుపుల గుండా కాల్షియం అదుపు తప్పి లోపలికి చేరుతుంది. కొద్దిగా ఉంటే కాల్షియం సందేశం. మితిమీరితే కణంలోని సొంత గోడలను, పోగులను కోసేసే ఎంజైములను అదే నిద్రలేపుతుంది.

రెండోది, రక్షణ కరవు. కణంలోకి సిస్టీన్‌ను తెచ్చి, బదులుగా గ్లుటమేట్‌ను బయటికి పంపే ఒక మార్పిడి ద్వారం ఉంది. ఓడాప్ దాన్నీ గందరగోళపరుస్తుంది. దాంతో బయట గ్లుటమేట్‌ పెరుగుతుంది, లోపల గ్లుటాథయోన్ తయారీకి ముడిసరుకు తగ్గుతుంది. గ్లుటాథయోన్ అంటే కణంలో రాజుకునే రసాయన నిప్పును ఆర్పే నీళ్ల ట్యాంకు లాంటిది.

మూడోది, కరెంటు కోత. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో తొలి మెట్టు అయిన కాంప్లెక్స్-1 దెబ్బతింటుందని విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం ఎలుకల మీద జరిపిన పరిశోధనల్లో చూపింది. ఆడ ఎలుకలు ఈ దెబ్బను మెరుగ్గా తట్టుకున్నాయని కూడా ఆ బృందం గమనించింది. మగవాళ్లకే జబ్బు ఎక్కువ ఎందుకు వస్తుందన్న పాత ప్రశ్నకు ఇదొక ఆధారం.

మరి మెదడంతా ఉన్న గ్లుటమేట్‌ తాళాలను వదిలేసి కాళ్లే ఎందుకు పడిపోతాయి? మెదడు నుంచి వెన్నులో అడుగు దాకా దిగే కదలిక నరాలు శరీరంలోని అతి పొడవైన కణాల్లో ఉన్నాయి. అంత పొడవు తీగను నడిపించడానికి శక్తి అవసరం ఎక్కువ. కరెంటు తగ్గితే ముందుగా ఆరిపోయేది లైను చివరన ఉన్న దీపమేగా! కారణం అదే కావచ్చన్నది శాస్త్రవేత్తల అంచనా.

అందరికీ ఎందుకు రాదు?

ఇక్కడే అసలు కీలకం ఉంది. కేసరి పప్పు తిన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ఒకే ఊళ్లో, ఒకే పంట తిన్నవారిలో కొందరే పడిపోతారు. కేసరి గింజలో సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లాలు, అంటే మిథయోనిన్, సిస్టీన్ చాలా తక్కువ. గ్లుటాథయోన్ తయారవ్వాలంటే అవే కావాలి. అంటే విషాన్ని ఇస్తున్న గింజే విరుగుడును ఇవ్వకుండా ఆపుతోంది. పక్కన కాస్త జొన్నో, గోధుమో, అన్నమో ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది. ఇథియోపియాలో జరిపిన అధ్యయనాల్లో ఇదే తేలింది. ధాన్యం కలుపుకొని తిన్నవారికీ, ఉల్లి, వెల్లుల్లి, అల్లం వేసిన పులుసుగా తిన్నవారికీ ముప్పు తక్కువ. పచ్చి గింజలు, ఉడికించిన, వేయించిన గింజలు వట్టివే తిన్నవారికి ముప్పు ఎక్కువ.

కాబట్టి లాథిరిజానికి విషం ఒక్కటే కారణం కాదు. విషంతో పాటు పళ్లెంలో మరేమీ లేకపోవడం కూడా కారణమే. 1960ల్లో మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో వైద్యులు సర్వే చేసినప్పుడు వేల మంది బాధితులు కనిపించారు. వాళ్లలో చాలామంది భూమి లేని కూలీలు. కూలి డబ్బులుగా కాదు, గింజలుగా ముట్టేది. ఆ గింజల్లో కేసరి ఎక్కువ. ఏం తినాలన్నది వాళ్ల చేతిలో లేదు.

నిషేధంలో మెలిక

1961లో కేంద్రం ఆహార కల్తీ నిరోధక నిబంధనల్లో కేసరి పప్పు అమ్మకాన్ని నిషేధించే అంశం చేర్చింది. ఆహార భద్రత చట్టం వచ్చాక 2011 నిబంధనల్లోనూ అది కొనసాగింది. చదివితే గట్టిగానే అనిపిస్తుంది. కానీ అందులో రెండు మెలికలున్నాయి.

పాత నిబంధన దానంతట అదే అమల్లోకి రాదు, రాష్ట్ర ప్రభుత్వం ఏ తేదీ నుంచి అని ప్రకటిస్తే ఆ తేదీ నుంచే. ఈ పంట బాగా పండే రాష్ట్రాల్లో కొన్ని ఆ ప్రకటనే చేయలేదు. 2008లో మహారాష్ట్ర ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. ఇది మొదటి మెలిక.

రెండోది ఇంకా లోతైనది. నిషేధం అమ్మకం మీదే, సాగు మీద కాదు. చేలో పండించి, ఇంట్లో వండుకుని తినే రైతునూ, కూలిగా గింజలు పుచ్చుకునే పాలేరునూ అది తాకదు. పట్నంలో కిరాణా కొట్టుకు వెళ్లే మనలాంటివాళ్లకు జబ్బు వచ్చే అవకాశం ఎటూ తక్కువే. మనం నెలల తరబడి ఒకే పప్పు తినం కదా! అంటే ఆ కాగితం ముప్పు తక్కువ ఉన్నవారికి రక్షణగా నిలిచింది, ముప్పు ఎక్కువ ఉన్నవారి గడప దాకా వెళ్లలేదు.

మరి జబ్బు ఎలా తగ్గింది? నిజమే, ఇవాళ కొత్త కేసులు అరుదు. ఆ ఘనతలో పెద్ద వాటా రేషన్ బియ్యానికి, గోధుమలకు, కూలి డబ్బుల్లో ఇవ్వడానికి, సాగునీటికి చెందుతుంది. పళ్లెంలోకి రెండో పదార్థం వచ్చింది. నిషేధం వల్ల వచ్చిన ఫలితం మరొకటుంది: అమ్ముకోలేని చవక పప్పు దొంగదారిన కందిపప్పులో, శనగపప్పులో, శనగపిండిలో కలవడం మొదలైంది.

కొత్త రకాలను నమ్మొచ్చా?

రతన్, ప్రతీక్, మహాతివ్‌డా. 2016 చర్చలో వినిపించిన మూడు పేర్లివి. వీటిలో ఓడాప్ 0.07 నుంచి 0.1 శాతం వరకు ఉంటుందని వ్యవసాయ పరిశోధన మండలి చెబుతోంది. 0.2 శాతం లోపు ఉంటే తినడానికి ఫర్వాలేదన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. పాత నాటు రకాల్లో చాలావాటిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

కాగితం మీద లెక్క బాగుంది. చేలోకి దిగితే చిక్కులు మూడు. ఒకటి, కేసరి పూలను తేనెటీగలు ముసురుతాయి. పక్క చేలో నాటు రకం ఉంటే పుప్పొడి కలుస్తుంది, కొన్నేళ్లకు రైతు దాచుకున్న విత్తనంలో విషం మళ్లీ పెరుగుతుంది. రెండు, ఓడాప్ మోతాదు విత్తనాన్ని బట్టే ఉండదు. నీటి ఎద్దడి, నేలలో జింకు లోపం వంటివి దాన్ని పెంచుతాయి. జనం ఈ పప్పు మీద ఎక్కువ ఆధారపడేది కరవు ఏడాదిలోనే, గింజలో విషం పెరిగేదీ అప్పుడే. మూడు, గింజను చూసి ఏది రతనో ఏది నాటుదో చెప్పలేం. ప్రయోగశాల పరీక్షే దిక్కు.

2023లో బ్రిటన్‌లోని జాన్ ఇన్స్ కేంద్రంతో కలిసి శాస్త్రవేత్తలు ఈ మొక్క జన్యుపటాన్నీ, గింజలో ఓడాప్‌ను తయారుచేసే ఎంజైముల జంటనూ వివరించారు. అసలు విషమే లేని రకం వైపు ఇది పెద్ద అడుగు. అలాంటి విత్తనం రైతు చేతికి వస్తే వాదన స్వరూపమే మారిపోతుంది. అప్పటిదాకా?

మా అభిప్రాయం ఇది. నిషేధాన్ని ఒక్క కలంపోటుతో ఎత్తేయడం తొందరపాటు. అలాగని ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచడమూ బాధ్యత అనిపించుకోదు. పప్పు పేరును బట్టి కాకుండా పప్పులోని ఓడాప్ శాతాన్ని బట్టి నిబంధన ఉండాలి. కొనుగోలు కేంద్రంలోనే నమూనా పరీక్ష జరగాలి. ధ్రువీకరించిన విత్తనాన్ని కొన్నేళ్లకోసారి రైతుకు మార్చి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. అన్నిటికన్నా ముందు, కరవు ప్రకటించిన మండలాల్లో రేషన్ ఒక్క నెల కూడా ఆగకూడదు. ఈ జబ్బుకు ఇప్పటిదాకా పనిచేసిన టీకా అదొక్కటే.

కొనేటప్పుడు ఇలా చూడండి

కందిపప్పు బద్ద గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా ఉంటుంది. కేసరి బద్ద ఒకవైపు ఏటవాలుగా, చిన్న గొడ్డలి మొనలా, పలకలు తేలి కనిపిస్తుంది. గుప్పెడు పప్పును తెల్ల కాగితం మీద పరిచి వెలుతురులో చూస్తే తేడా తెలుస్తుంది. పిండిగా మారాక కంటితో పట్టలేం, కాబట్టి శనగపిండిని నమ్మకమైన చోట కొనడమో, పప్పు తెచ్చి మరపట్టించుకోవడమో మేలు.

ఎప్పుడో ఒకసారి కల్తీ పప్పు తిన్నామని భయపడక్కర్లేదు. కొద్ది మోతాదులో, అన్నంతో, కూరలతో కలిసి లోపలికి వెళ్లిన కేసరి పప్పుతో కాళ్లు పడిపోవు. అనుమానం వస్తే మిగిలిన పప్పును పారేయకుండా, బిల్లుతో సహా ఆహార భద్రతా అధికారికి అందించండి.

కేసరి పప్పు తప్ప మరేదీ దొరకని పరిస్థితే వస్తే జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన మార్గం ఒకటుంది. పప్పును బాగా కాగిన నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను పూర్తిగా పారబోయాలి. ఓడాప్ నీటిలో కరుగుతుంది కాబట్టి చాలా భాగం బయటికి పోతుంది. దాంతో పాటు కొన్ని బి విటమిన్లూ పోతాయి. నీటికే కటకట ఉన్న కరవు ఊళ్లో ఈ పద్ధతి ఎందుకు నిలదొక్కుకోలేదో ఊహించడం కష్టం కాదు.

లిచీ తోటల్లోనూ ఇదే కథ

అమైనో ఆమ్లం వేషంలో వచ్చే విషం కేసరి పప్పుకే పరిమితం కాదు. బిహార్‌లోని ముజఫర్‌పుర్‌లో ఏటా వేసవిలో పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో ఆసుపత్రులకు వచ్చేవారు. 2014లో మే చివరి నుంచి జులై దాకా రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది చనిపోయారు. భారత్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. లిచీలో ఉండే హైపోగ్లైసిన్, దానికి దగ్గరి చుట్టమైన మరో అమైనో ఆమ్లం కొవ్వును కరిగించి శక్తిగా మార్చే దారినీ, కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసే దారినీ మూసేస్తాయి. రాత్రి భోంచేసిన పిల్లల్లో కాలేయంలో దాచిన చక్కెర ఆదుకుంటుంది. లిచీలు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలకు ఆ నిల్వ ఉండదు. తెల్లారేసరికి రక్తంలో చక్కెర పడిపోతుంది.

పరిశోధకులు చెప్పిన విరుగుడు ఏమిటో తెలుసా? తోటలు నరకమని కాదు. పిల్లలు లిచీలు తక్కువ తినేలా చూడటం, ఏ పిల్లాడూ రాత్రి ఖాళీ కడుపుతో పడుకోకుండా చూడటం, మూర్ఛతో వచ్చిన బిడ్డకు ముందు చక్కెర పరీక్షించి గ్లూకోజ్ ఎక్కించడం.

ఒకచోట పప్పు, మరోచోట పండు. రెండు చోట్లా విషం తిండిలోనే ఉంది, కానీ అది కోరలు చాచింది ఖాళీ పళ్లెం ముందు కూర్చున్నవారి మీదే. చట్టం రాసేవారు ఆ పళ్లెం వైపు కూడా ఒకసారి చూడాలి.